ఎస్ శబ్దం ఎక్కడ పోయింది? పిల్లల రికార్డింగులు, శాంపిల్ రేటు సంగతి



జులైలో ఆరో తరగతి పిల్లలకు ఒక రీడింగ్ అసైన్‌మెంట్ ఇచ్చాను. ఇంగ్లీష్ రీడర్‌లోని ఒక పేరా ఇంట్లో పైకి చదివి, రికార్డు చేసి, పెన్‌డ్రైవ్‌లో గానీ మెమరీ కార్డులో గానీ తేవాలి. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వడం ఇష్టం లేదని పోయిన ఏడాది పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది చెప్పారు. అందుకని అరచేతిలో పట్టే చిన్న ఎంపీ3 ప్లేయర్ ఉన్నా సరిపోతుంది, వాటిలో చాలావాటికి మైకు కూడా ఉంటుంది అని డైరీలో రాయించాను. సలహా నాది. కాబట్టి దానివల్ల వచ్చిన చిక్కు కూడా నేనే చెప్పాలి.

ఒక పాప రికార్డింగ్ విన్నాను. గొంతు స్పష్టంగా ఉంది, కామా దగ్గర ఆగింది, ప్రశ్న దగ్గర స్వరం లేపింది. కానీ ‘సిక్స్’ అన్న మాట నాకు ‘ఫిక్స్’లా వినిపించింది. ‘బుక్స్’ అన్నది ‘బుక్’ దగ్గరే ఆగిపోయింది, ‘క్యాట్స్’ కూడా అంతే. బహువచనాలు మింగేస్తోంది అనుకున్నాను. పదికి ఐదు మార్కులు వేసి, రిమార్క్స్ గడిలో ఎర్ర పెన్నుతో ‘ఎస్ శబ్దం ప్రాక్టీస్ చేయించండి, బహువచనాలు వదిలేస్తోంది’ అని రాసి పంపాను.

మూడు వారాల తర్వాత ఆ పాప వాళ్లమ్మగారు వచ్చారు. “మేడం, వాళ్ల నాన్నగారు రోజూ రాత్రి భోజనానికి ముందు యాభైసార్లు సిక్స్, సిక్స్ అని పలికిస్తున్నారండి. మాకేమో బాగానే వినిపిస్తోంది. ఇంకెలా పలకాలో చెప్పండి అని అది ఏడుస్తోంది” అన్నారు. ఆ మూడు వారాల్లో పాప క్లాసులో చెయ్యి ఎత్తడం మానేసిందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. వెంటనే పాపని పిలిపించి, అదే పేరా నా ముందు చదవమన్నాను. నెమ్మదిగా, భయపడుతూ చదివింది. ఒక్క ఎస్ కూడా తప్పు పోలేదు.

ఆ సాయంత్రం కంప్యూటర్ ల్యాబ్‌లో ఆ ఫైలు మళ్లీ తెరిచి, ఈసారి వినకుండా దాని వివరాలు చూశాను. శాంపిల్ రేటు అన్నచోట 8,000 అని ఉంది. పాప పలికిన ఎస్‌ని ఆ ప్లేయర్ అసలు ఫైల్లోకే తీసుకోలేదు. మార్కులు తగ్గాల్సింది ఆ సెట్టింగుకి, నేను తగ్గించింది పాపకి. క్లాసులో ఆ రిమార్కు కొట్టేసి, పక్కన సంతకం చేసి, పదికి తొమ్మిది వేశాను. పాపకి సారీ చెప్పాను. తర్వాత మిగతా ఫైళ్లన్నీ చూస్తే నలభై ఒక్కటిలో తొమ్మిది అదే 8,000 మీద ఉన్నాయి. వాటికీ మళ్లీ మార్కులు వేశాను.

ఇదంతా ఎలా జరుగుతుందో, ఇంట్లో మీరు ఎలా కనిపెట్టవచ్చో ఈ నెల పాఠం. పెద్ద తరగతుల పిల్లలు మీ పక్కన కూర్చుని చదివితే మంచిది. తొమ్మిదో తరగతి సైన్స్‌లో వచ్చే ధ్వని పాఠానికి ఇది దగ్గరి చుట్టం.

జ్వరం చార్ట్ లాంటిదే

ఆస్పత్రిలో మంచానికి తగిలించే జ్వరం చార్ట్ చూసే ఉంటారు. నర్సు గంటకోసారి థర్మామీటర్ పెట్టి చూస్తే జ్వరం ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అన్నది గీతలో కనిపిస్తుంది. రోజుకి ఒక్కసారే చూస్తే మధ్యాహ్నం లేచి సాయంత్రానికి దిగిపోయిన జ్వరం చార్ట్‌లో ఎక్కడా ఉండదు. జ్వరం వచ్చింది నిజమే, కొలిచినవాళ్లు ఆ సమయంలో అక్కడ లేరంతే.

డిజిటల్ రికార్డింగ్ కూడా అలా కొలవడమే. మైకు మీద పడిన గాలి ఒత్తిడిని ప్లేయర్ సెకనుకి ఇన్నిసార్లు కొలిచి, అంకెలుగా రాసుకుంటుంది. ఆ ‘ఇన్నిసార్లు’ అన్నదే శాంపిల్ రేటు. దాన్ని హెర్ట్జ్‌లో చెబుతారు. 8,000 అంటే సెకనుకి ఎనిమిది వేల కొలతలు. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఒక షరతు ఉంది. కొలతల సంఖ్యలో సగం కంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న శబ్దాలు మాత్రమే సరిగ్గా నమోదవుతాయి. హ్యారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫ్ సంకేతాల గురించి రాసిన పేపరు నుంచి, క్లాడ్ షానన్ 1949లో రాసిన పేపరు నుంచి మనకి అందిన సూత్రం ఇది. అంటే 8,000 మీద రికార్డు చేస్తే 4,000 హెర్ట్జ్ పైన ఉన్నదేదీ మిగలదు.

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. అ, ఇ, ఉ లాంటి అచ్చుల్ని గుర్తుపట్టడానికి కావలసిన భాగం దాదాపు అంతా 4,000 లోపే ఉంటుంది. క, ట, ప, మ, న కూడా చాలావరకు బతికిపోతాయి. అందుకే 8,000 రికార్డింగ్ విన్నప్పుడు ‘బాగానే ఉందిగా’ అనిపిస్తుంది. ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది, ఏం చెబుతున్నారో తెలుస్తుంది. పోయేవి ఊదే శబ్దాలు. ఎస్ శబ్దంలోని బలం ఎక్కువగా 4,000 పైనే ఉంటుంది. పెద్దవాళ్ల నోటి కంటే పిల్లల నోరు చిన్నది కాబట్టి పిల్లల ఎస్ ఇంకా పైకి పోతుంది. ఒకే ప్లేయర్‌లో నాన్న మాట్లాడితే ఎస్ కొంచెం మిగిలి, కూతురు మాట్లాడితే అసలే మిగలకపోవడానికి కారణం అదే. ఎఫ్, థింక్‌లో వచ్చే టీహెచ్ శబ్దాలు సహజంగానే బలహీనంగా ఉంటాయి. పై భాగం కోసేస్తే ఈ మూడింటికీ తేడా చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఇది మీకు కొత్త అనుభవం కాదు. ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు అవతలివాళ్లు “ఎస్సా అండీ, ఎఫ్ఫా?” అని అడగడం, మనం “ఎస్ ఫర్ సీత” అని చెప్పుకోవడం అందరికీ అలవాటే. పాత టెలిఫోన్ వ్యవస్థ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకుపోయేది. దాని డిజిటల్ రూపానికి పెట్టుకున్న శాంపిల్ రేటు సరిగ్గా 8,000. మాట అర్థమైతే చాలు, తీగల ఖర్చు తగ్గాలి అనుకుని పెట్టిన లెక్క అది. ఇప్పటి 4జీ వాయిస్ కాల్స్‌లో 16,000 వాడతారు, అందుకే అవి కాస్త తేటగా వినిపిస్తాయి. చిన్న ప్లేయర్లు ఇంకా చాలా వరకు పాత టెలిఫోన్ లెక్క దగ్గరే ఆగిపోయాయి.

ఇంకో చిక్కు. మైకు తర్వాత మంచి ఫిల్టర్ లేని చవక రికార్డర్లలో 4,000 పైన ఉన్న శబ్దం ఊరికే పోదు, మారువేషం వేసుకుని కిందికి దిగుతుంది. 8,000 మీద 5,000 హెర్ట్జ్ ఈల వేస్తే రికార్డింగ్‌లో 3,000 హెర్ట్జ్ ఈలలా వినిపిస్తుంది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడం చూశారు కదా, అది కూడా ఇదే తంతు. కెమెరా సరిపడినన్ని ఫ్రేములు తీయలేక చక్రాన్ని తప్పుగా చూపిస్తుంది. కొన్ని రికార్డింగుల్లో ఎస్ దగ్గర గరగరమని ఇసుక రాసినట్టు వినిపిస్తే ఇదే కారణం కావచ్చు. అది పిల్లల నాలుక దోషం కాదు.

అయితే 8,000 రికార్డింగ్‌లో వినిపించిన ప్రతి తప్పునీ రేటు మీదికి తోసేయడం కుదరదు. ‘స్కూల్’ని ‘ఇస్కూల్’ అంటే ఆ ముందు వచ్చిన ‘ఇ’ 4,000 లోపే ఉంటుంది, ఏ రికార్డర్‌కైనా దొరుకుతుంది. అచ్చులు, ఎక్కడ నొక్కి పలికారు, ఎక్కడ ఆగారు అన్నవి కూడా నమ్మదగ్గవే. వాటి మీద నా రిమార్కులు అలాగే ఉన్నాయి, మన్నించండి. నమ్మకూడనివి ఎస్, ఎఫ్, టీహెచ్, మాట చివర వచ్చే బహువచనపు ఎస్.

ఇంట్లో ఎలా పట్టుకోవాలి

ముందు చెవితో. పిల్లల్ని ‘స్‌స్‌స్’ అని రెండు సెకన్లు, ‘ఫ్‌ఫ్‌ఫ్’ అని రెండు సెకన్లు ప్లేయర్‌లోకి ఊదమనండి. వరస మార్చి నాలుగైదుసార్లు ఊదాలి. తర్వాత మీరు కళ్లు మూసుకుని వినండి. ఏది ఏదో చెప్పలేకపోతే రేటు తక్కువగా ఉందని అనుమానించవచ్చు. తాళాల గుత్తి గలగలలాడించడం ఇంకో పరీక్ష. మంచి రేటు మీద ఆ గలగల నిజంలా ఉంటుంది, 8,000 మీద మట్టికుండలో గులకరాళ్లు ఊపినట్టు ఉంటుంది.

నాకు బాగా నచ్చింది తాలింపు పరీక్ష. అమ్మో నాన్నో పోపు వేస్తుంటే పిల్లలు పొయ్యికి దూరంగా, గుమ్మం దగ్గర నిలబడి అర నిమిషం రికార్డు చేయాలి. ఒకసారి తక్కువ సెట్టింగ్‌లో, మర్నాడు ఎక్కువ సెట్టింగ్‌లో. ఆవాల చిటపటలో, నీళ్ల చుక్క పడ్డప్పటి ‘చుయ్’లో పైస్థాయి శబ్దం బాగా ఉంటుంది. తక్కువ సెట్టింగ్‌లో ఆవాలు ఎక్కడో గోడ అవతల పేలుతున్నట్టు ఉంటాయి. మా ఇంట్లో చేసి చూశాను. మా అమ్మ “ఇదేం హోంవర్కే?” అంది గానీ రెండు రికార్డింగులూ విన్నాక తేడా ఆవిడే ముందు చెప్పింది.

తర్వాత కంటితో. ఫైలుని కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి, కంట్రోల్, జె రెండూ కలిపి నొక్కితే కోడెక్ వివరాల కిటికీ వస్తుంది. అందులో శాంపిల్ రేటు అని నేరుగా ఉంటుంది. వీఎల్‌సీ లేకపోతే విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి. అక్కడ సాధారణంగా బిట్ రేటు కనిపిస్తుంది. ఇక్కడ ఒక చోట చాలామంది పొరపడతారు, నేను కూడా పడ్డాను.

వేవ్ ఫైల్లో సాధారణంగా ఏమీ కుదించరు. ప్రతి కొలతకి మామూలుగా 16 బిట్లు. కాబట్టి 8,000ని 16తో గుణిస్తే 1,28,000, అంటే 128 కేబీపీఎస్. వేవ్ ఫైలు, మోనో, 128 అని కనిపిస్తే అది టెలిఫోన్ నాణ్యత అన్నమాట. 256 ఉంటే 16,000. 705 ఉంటే 44,100. స్టీరియో అయితే దానికి రెట్టింపు, 1,411. కానీ అదే 128 అన్న అంకె ఎంపీ3 ఫైలు దగ్గర కనిపిస్తే అర్థం వేరు. ఎంపీ3 కుదించిన ఫైలు కాబట్టి 128 మీద 44,100 శాంపిల్ రేటుతో మంచి పాటే ఉండవచ్చు. మొదటిసారి నేను ఆ పాప ఫైలు ప్రాపర్టీస్‌లో 128 చూసి ‘పాటలన్నీ 128 లోనే ఉంటాయిగా, బాగానే ఉంది’ అనుకుని వదిలేశాను. అది వేవ్ ఫైలని చూసుకోలేదు. ఎంపీ3 అయితే బిట్ రేటుని బట్టి శాంపిల్ రేటు ఊహించకండి, వీఎల్‌సీలోనే చూడండి.

ప్లేయర్ మెనూలో

చాలా ప్లేయర్లలో రికార్డ్ సెట్టింగ్స్ అనో, రికార్డ్ క్వాలిటీ అనో ఉంటుంది. లోపల లో, మీడియం, హై అని గానీ, ఎల్‌పీ, ఎస్‌పీ, హెచ్‌క్యూ అని గానీ ఉంటాయి. ఎల్‌పీ అంటే లాంగ్ ప్లే, మంచి నాణ్యత అని కాదు, ఎక్కువ గంటలు పడుతుందని. ‘ఇన్ని గంటల రికార్డింగ్’ అని డబ్బా మీద పెద్దగా రాసుకునే అంకె సాధారణంగా ఈ తక్కువ సెట్టింగ్‌తో వచ్చిందే. ఆ పాప ప్లేయర్ కూడా కొన్నప్పటి నుంచి ఆ సెట్టింగ్ మీదే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

జాగా లెక్క వేసి చూస్తే భయపడాల్సింది ఏమీ లేదు. ఒక జీబీ కార్డులో 8,000 మోనో వేవ్ దాదాపు 17 గంటలు పడుతుంది, 44,100 మోనో మూడు గంటలకు కొంచెం పైన. మన పిల్లలు చదివేది రెండు నిమిషాలు. 44,100 మోనోలో దానికి పట్టేది పది, పదకొండు ఎంబీ. స్టీరియో అనవసరం, ఒక మనిషి ఒక మైకు దగ్గర చదువుతున్నప్పుడు రెండో చానల్ ఊరికే జాగా తింటుంది. 44,100 దొరక్కపోతే 22,050, అది కూడా లేకపోతే 16,000 పెట్టండి. 16,000 మీద 8,000 హెర్ట్జ్ దాకా వస్తుంది కాబట్టి ఎస్, ఎఫ్ తేడా చాలావరకు తెలుస్తుంది. 8,000, 11,025 మాత్రం రీడింగ్ అసైన్‌మెంట్‌కి వద్దు.

ఈ 44,100 అన్న వింత అంకె ఎక్కడిది అని ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. సీడీలు రాకముందు డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. ఒక్కో గీతలో మూడు కొలతలు, ఒక్కో ఫీల్డులో వాడుకోగలిగిన గీతలు 245, సెకనుకి 60 ఫీల్డులు. మూడూ గుణించి చూడండి. 50 ఫీల్డుల టీవీ ఉన్న దేశాల్లో 294 గీతలు వాడేవారు, లెక్క మళ్లీ అక్కడికే వస్తుంది. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ ఆ అంకెనే ఉంచుకుంది. మన చెవి వినే 20,000కి రెట్టింపు కంటే అది కొంచెం ఎక్కువ కూడా. వీడియో రంగం మాత్రం 48,000 పట్టుకుంది. ఫోన్‌లో వీడియో తీస్తే శబ్దం సాధారణంగా 48,000 మీద ఉండటానికి కారణం అది.

ఫోన్‌తో రికార్డు చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ తొమ్మిది ఫైళ్లలో రెండు మంచి ఫోన్లతో చేసినవే. వాళ్లు చెవిలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని, దాని మైకుతో చదివారు. బ్లూటూత్ మైకు తెరుచుకోగానే ఆ లింకు ఫోన్ కాల్ పద్ధతిలోకి మారుతుంది. అప్పుడు గొంతు 8,000 మీదో, కొత్త వాటిలో 16,000 మీదో వెళ్తుంది. యాప్‌లో 44,100 అని పెట్టినా, ఫైల్లో 44,100 అని కనిపించినా, లోపల ఉన్నది టెలిఫోన్ గొంతే. ఇది మాత్రం అంకె చూస్తే దొరకదు, ‘స్, ఫ్’ పరీక్షతోనే దొరుకుతుంది. బ్లూటూత్ తీసేసి ఫోన్ మైకుతోనే, నోటికి ఒక జానెడు దూరంలో పెట్టి చదివించండి. ఫోన్‌లో రికార్డర్ ఫైలు చివర ఏఎంఆర్ అని గానీ 3జీపీ అని గానీ ఉంటే సెట్టింగ్స్‌లో వేవ్‌కో ఎమ్4ఏకో మార్చండి. ఏఎంఆర్ మామూలు రకం ఎప్పుడూ 8,000 మీదే పనిచేస్తుంది.

గొంతు కీచుగా, పాట పరుగులా

ఇంతవరకు చెప్పింది శబ్దం పోవడం గురించి. ఇంకో రకం తప్పు కూడా ఉంది, అది చేసింది కూడా నేనే.

ఆగస్టు 15 గ్రూప్ సాంగ్ కోసం మూడు నిమిషాల మ్యూజిక్ ట్రాక్‌ని పిల్లల ప్లేయర్లలోకి ఎక్కించి ఇచ్చాను. అది 44,100 మీద ఉంది. మిగతా క్లిప్పులన్నీ 48,000 కాబట్టి దీన్ని కూడా మార్చేద్దామని, అడాసిటీలో ఆ ట్రాక్ పేరు పక్కన ఉండే మెనూలో రేటు దగ్గర 44,100 తీసి 48,000 పెట్టాను. మార్పిడి అయిపోయింది అనుకున్నాను. వారం తర్వాత ఒక పిల్లాడి నాన్నగారు ఫోన్ చేసి “మేడం, మూడు నిమిషాల పాట మా వాడి ప్లేయర్‌లో రెండు నిమిషాల నలభై అయిదు సెకన్లకే అయిపోతోందండి, చివర ఏమైనా కట్ అయిందా?” అని అడిగారు. కట్ అవలేదు. మొత్తం పాట పరిగెత్తింది.

ఆ మెనూ కొలతల్ని మార్చదు. ‘ఈ కొలతల్ని సెకనుకి ఇన్ని చొప్పున చదువు’ అని మాత్రమే చెబుతుంది. సెకనుకి 44,100 చొప్పున తీసిన కొలతల్ని 48,000 చొప్పున చదివితే దాదాపు 9 శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి కూడా దాంతోపాటే లేస్తుంది. హార్మోనియం మీద చెప్పాలంటే ఒక మెట్టు దాటి, రెండో మెట్టుకి సగం దూరం. రిహార్సల్ రోజు మ్యూజిక్ సార్ అసలు శ్రుతిలో వాయించడం మొదలుపెడితే పిల్లలందరూ పైన ఎక్కడో అందుకున్నారు. “శ్రుతి ఎవరు మార్చారండీ?” అన్నారాయన. వారం రోజులు పిల్లలు గొంతు చించుకుని సాధన చేసింది ఆ తప్పుడు శ్రుతిలో. ఇద్దరికి గొంతు బొంగురుపోయింది.

సరైన పద్ధతి వేరే ఉంది. అడాసిటీలో ట్రాక్స్ మెనూ కింద రీశాంపిల్ అని ఉంటుంది. అది కొలతల్ని మళ్లీ లెక్కగట్టి కొత్త రేటుకి రాస్తుంది, వేగం, శ్రుతి కదలవు. ఇప్పటికే పాడైపోయిన ఫైలు మీ దగ్గరుంటే అదే రేటు మెనూలో పాత అంకె పెడితే పాట మామూలుగా అయిపోతుంది. ఈ రకం తప్పులో ఏమీ పోలేదు కాబట్టి పూర్తిగా సరిచేయవచ్చు.

దీన్ని పట్టుకోవడానికి ఆ తండ్రిగారు చేసిన పనే మేలు, గడియారం చూడటం. అసలు నిడివి ఎంత, ప్లేయర్‌లో ఎంత. మూడు నిమిషాలది రెండు నలభై అయిదు అయితే 44,100ని 48,000గా చదువుతోంది. మూడు నిమిషాల పదహారు సెకన్లు అయి, గొంతు కాస్త బరువుగా వినిపిస్తే అది తిరగబడింది, 48,000ని 44,100గా చదువుతోంది. సరిగ్గా సగానికి తగ్గి, గొంతు ఉడత అరిచినట్టు ఉంటే 22,050 ఫైలుని 44,100గా చదువుతోంది. ఫైలుని వేరే ప్లేయర్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ పెట్టి చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే తప్పు ప్లేయర్‌ది, అక్కడ కూడా అలాగే ఉంటే ఫైలుది.

అసలు పాడనే పాడదు, ఫార్మాట్ ఎర్రర్ అంటుంది అని కొందరు అడిగారు. ఎంపీ3లో అసలు ప్రమాణం ప్రకారం ఉన్న రేట్లు 32,000, 44,100, 48,000. తర్వాత వచ్చిన ప్రమాణంలో 16,000, 22,050, 24,000 చేరాయి. 8,000, 11,025, 12,000 అన్నవి ప్రమాణానికి బయట, ఒక అదనపు ఏర్పాటుగా వచ్చినవి. కొన్ని పాత ప్లేయర్లు, కారు స్టీరియోలు వాటిని గుర్తించవు. ఇంకో కొసన 96,000 లాంటి పెద్ద రేట్లు కూడా చిన్న ప్లేయర్లకి మింగుడుపడవు. రెండింటికీ మందు ఒకటే, కంప్యూటర్‌లో 44,100 ఎంపీ3గా మార్చి ఎక్కించడం.

అయితే అలా మార్చితే పాడుతుందే గానీ, 8,000 మీద పోయిన ఎస్ తిరిగి రాదు. రోజుకోసారి చూసిన జ్వరం చార్ట్‌ని గంటల గీతలున్న కాగితం మీద తిరగరాసినంత మాత్రాన మధ్యాహ్నం జ్వరం కనిపించదు కదా. అందుకే ఇంట్లో తాతయ్య చెప్పే కథలు, అమ్మమ్మ పాడే పాటలు పిల్లలు అదే ప్లేయర్‌లో రికార్డు చేస్తుంటే సెట్టింగ్ ఈ రోజే చూడండి. రీడింగ్ అసైన్‌మెంట్ అయితే మళ్లీ చదివించుకోవచ్చు.

తర్వాతి రీడింగ్ అసైన్‌మెంట్ ఈ నెల మూడో వారంలో ఉంటుంది. ఫైలు వేవ్ అయినా ఎంపీ3 అయినా ఫర్వాలేదు. పెన్‌డ్రైవ్ లేనివాళ్లు వాట్సాప్‌లో పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేయండి, అప్పుడు ఫైలు కుదించకుండా వస్తుంది. ఫైలు మొదట్లో పిల్లలు తమ పేరు, సెక్షన్ చెప్పి, ఒకసారి ‘స్‌స్‌స్’, ఒకసారి ‘ఫ్‌ఫ్‌ఫ్’ అని ఊది, ఆ తర్వాత పేరా మొదలుపెట్టాలి. అవి రెండూ నాకు వేరువేరుగా వినిపించకపోతే మార్కులు వేయను, ఫైలు వెనక్కి పంపి, స్కూల్లోనే నా ముందు చదివించుకుంటాను. రోల్ నంబరు పక్కన ఫైలు పేరులో శాంపిల్ రేటు కూడా రాయమనండి.